మా అత్తగారు పాడిన చరణం

నా భార్య తన తల్లి గొంతు ఎన్నడూ వినలేదు. తాను పుట్టిన ఏడాదే తల్లి పచ్చకామెర్లతో పోయింది. ఫోటో ఒకటి ఉంది. ఆదిలాబాద్‌లోని మిషన్ బడి మెట్ల మీద తెల్లచీరలతో నిలబడ్డ అమ్మాయిల వరుసలో కొంచెం పక్కకు తిరిగిన ముఖం ఆమెది. ఆ ముఖం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. గొంతు మాత్రం ఎవరికీ తెలియదు. అది ఒక గ్రామఫోన్ ప్లేటులో ఉందని మాత్రం తెలుసు.

పెళ్లికి ముందు మా అత్తగారు ఆ బడిలో పాటల గుంపులో ఉండేది. ఒకసారి ఆ గుంపును హైదరాబాదు తీసుకుపోయి, ఏదో చిన్న కంపెనీ వాళ్లు ఒక ఆరాధన పాటను ప్లేటు మీదికి ఎక్కించారట. మొదట పల్లవి, ఒక చరణం అమ్మాయిలంతా కలిసి పాడతారు. తర్వాత కాసేపు హార్మోనియం ఒక్కటే మోగుతుంది. ఆ తర్వాత ఆఖరు చరణం మా అత్తగారు ఒక్కతే పాడింది. ప్లేటుకు రెండో వైపు మగవాళ్ల పాట. ఆమె గొంతు అంటూ ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క చరణమే.

ఆ ప్లేటు కోసమే మా మామగారు చావి తిప్పి పాడించే టేకు పెట్టె ఒకటి కొన్నాడు. భార్య పోయిన ఏడాదే పెట్టెలో స్ప్రింగు తెగింది. ఆయన దాన్ని బాగు చేయించలేదు. పసిబిడ్డను ఎత్తుకొని బొగ్గుబాయి పనికి పోతూ, పెట్టెనూ ప్లేటునూ ఇచ్చోడలో మరదలి ఇంట్లో వదిలేశాడు. ఎందుకు బాగు చేయించలేదని నా భార్య పెద్దయ్యాక ఒకసారి అడిగిందట. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడట. మళ్లీ అడగలేదు.

ఆ మరదలే నా భార్యకు చిన్నవ్వ, అంటే పిన్ని; మా వైపు తల్లిని అవ్వ అంటారు. ఇప్పుడు తొంభైకి దగ్గరపడింది. నిరుడు వానలు తగ్గిన తర్వాత ఫోన్ చేసింది. ఇంటి పెంకులు దించి స్లాబు వేయిస్తున్నారు, సామాన్లన్నీ బయటపెట్టాలి.

"గీ పాటల పెట్టె కొండవోతరా, పొయ్యిల వెట్టాల్నా? మేస్త్రీ దీని మీద కూసొని చాయ్ తాగుతుండు" అన్నది.

మర్నాడే కిరాయి బండి మాట్లాడుకొని పోయాం. కరీంనగర్‌లోని మా ఇంటికి తిరిగి వచ్చేదాకా నా భార్య ప్లేటును రెండు దిండ్ల నడుమ పెట్టుకొని ఒడిలోనే ఉంచుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ను చూసేది. అతను చివరికి, "అవ్వా, పాప పండుకున్నదా?" అని అడిగాడు. "ఆఁ, పండుకున్నది. మెల్లగ పోనియ్" అన్నది.

మా అమ్మాయి ప్లేటును హైదరాబాదు పంపమన్నది. అక్కడ ఇట్లాంటివి కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు ఉన్నారట. మంచి సలహానే. నా భార్య ఒప్పుకోలేదు. అట్లాంటి ప్లేటు ఇంకొకటి ఉండేదట, ఎవరికో వినిపిస్తానని బంధువు ఒకాయన తీసుకుపోతుంటే బస్సులో ముక్కలైంది.

"ఇది గడప దాటది. మా అవ్వ ఏ పెట్టెల ఇన్నదో, నేను గూడ గండ్లనే ఇంట" అన్నది. డెబ్బై ఏళ్లు ఆగినదానికి ఇంకో నాలుగు నెలలు లెక్క కాదన్నది. నేనూ సరే అన్నాను. నీటిపారుదల శాఖలో నక్షాలు గీసి రిటైరైనవాణ్ణి. ఒక వస్తువును విప్పి, ఏ భాగం ఎక్కడిదో బొమ్మ గీసుకొని, మళ్లీ బిగించడం నాకు ఇష్టమైన పని. ఏ రోజు చేసింది ఆ రోజు డైరీలో రాసుకుంటాను. ఇప్పుడు ఆ డైరీని పక్కన పెట్టుకొనే ఇది రాస్తున్నాను.

పెట్టె నడుమెత్తు ఉంటుంది. పైన మూత, మూత కింద ప్లేటు తిరిగే చక్రం. ముందు రెండు చిన్న తలుపులు, వాటి వెనుక శబ్దం బయటికి వచ్చే చెక్క బాకా. తలుపులు తీస్తే బాకా నిండా పత్తి. ఇచ్చోడ ఎలుకలు ఏళ్ల తరబడి చేన్ల నుంచి మోసి కూరుకున్నాయి. చేయి పెట్టి లాగుతూ ఉంటే ఒక చిన్న దిండుకు సరిపడా వచ్చింది. అడుగు పలకను చెదలు తిన్నాయి. మూత మీద మేస్త్రీ చాయ్ గ్లాసుల మచ్చలు గుండ్రంగా ఉన్నాయి.

చెక్కపనికి మా వాడకట్టులోని వడ్లాయనను పిలిచాను. ఆయన పెట్టె చుట్టూ తిరిగి, గోటితో గీకి, వాసన చూశాడు.

"సారు, గిది మన అడవి టేకే. మీకంటె గట్టిగున్నది."

"అడుగు పోయింది కదా?"

"అడుగు మీకు గూడ పోయింది. మొన్న మెట్లెక్కంగ సూసిన" అన్నాడు. లోపలి నుంచి నా భార్య నవ్వడం వినపడింది. ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వాడకట్టులో అందరికీ సిస్టరమ్మే. "సిస్టరమ్మా, దీనికి జెరమేం లేదు, జర చెదలు వట్టినయ్. రెండు నెలలల్ల లేపి నిలవెడ్త" అని వడ్లాయన ఆమెకు భరోసా ఇచ్చాడు.

మోటారు పని నాది. స్ప్రింగు ఒక గుండ్రటి ఇనుప డబ్బాలో చుట్టుకొని ఉంటుంది. పాత గ్రీజు తారులాగా గడ్డకట్టింది. తోలు చేతొడుగులు వేసుకొని పెరట్లో ఆ స్ప్రింగును మెల్లగా విప్పాను. పట్టు జారితే చేతిని కోసేస్తుంది. తెగింది లోపలి కొస మాత్రమే. ఆ కొసను ఎర్రగా కాల్చి, చల్లార్చి, కొత్త రంధ్రం వేయించి కొక్కేనికి తగిలించాను. వేగాన్ని అదుపులో పెట్టే మూడు చిన్న గుండ్లను కిరోసిన్‌తో కడిగాను. సూదిని బిగించే సౌండ్ బాక్సులో పల్చటి అభ్రకం బిళ్ల ఉంటుంది. సూది అదురు దాని మీదికి వచ్చి మాటవుతుంది. బిళ్ల పగలలేదు. దాన్ని పట్టుకునే రబ్బరు మాత్రం రాయి అయిపోయింది. సైకిల్ ట్యూబులోని వాల్వు రబ్బరు కోసి రెండు వైపులా అమర్చాను. పెట్టె అరలో అంచు విరిగిన పద్యాల ప్లేటు ఒకటి మిగిలి ఉంటే దాని మీదనే పరీక్ష చేశాను. మొదటిసారి చక్రం తిరిగి, ఎవరో నాటకాలాయన గొంతు గదిలోకి వచ్చినప్పుడు నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి పిండి ఉంది.

"మాటలు విడివిడిగ ఏర్పడుతున్నయా?" అని అడిగింది.

"విను. ప్రతి మాటా."

"అయితే మా అవ్వయి గూడ ఏర్పడుతయ్."

అప్పటికప్పుడే ఆ ప్లేటు పెట్టమంటుందనుకున్నాను. పెట్టమనలేదు. పెట్టెకు పాలిష్ అయిపోవాలి, తలుపులకు గుడ్డ మారాలి, ఆదివారం గుడి నుంచి (మేం చర్చిని అట్లానే అంటాం) వచ్చి, తలకు నూనె పెట్టుకొని, కూర్చొని వింటానన్నది. పెళ్లిచూపులకు ఇల్లు సర్దినట్టు ఆ గది సర్దింది.

పాలిష్ వడ్లాయన పాత పద్ధతిలోనే వేశాడు. లక్క రేకులను స్పిరిట్‌లో నానబెట్టి కరిగించి, దూది ఉండను పాతబట్టలో చుట్టి, దానితో మూత మీద గుండ్రంగా రుద్దుతాడు. ఒక పూత ఆరాక ఇంకొకటి. గ్లాసుల మచ్చలు స్పిరిట్ తగలగానే పోయాయి. నా భార్య పక్కన కుర్చీ వేసుకొని చూసింది. "స్పిరిట్‌తోని పోనిది ఏదీ ఉండదు" అన్నది. "మీ దవఖాన మాట మా చెక్కకు గూడ పనికొస్తది సిస్టరమ్మా" అన్నాడు ఆయన. ఆఖరు పూత వేసి, నాలుగు రోజుల దాకా మూత ముట్టవద్దని చెప్పి, మిగిలిన స్పిరిట్ సీసా కిటికీలో పెట్టి పోయాడు.

ఆ శనివారం పొద్దున నేను పెరట్లో బ్రష్షులు కడుగుతున్నాను.

"ఇగో, జర ఇటు రాండ్రి" అని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది.

బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది. దాని మీద ప్లేటు. పక్కన స్టీలు గిన్నెలో దూది ఉండలు, స్పిరిట్ సీసా. ప్లేటు మీద సూది నడిచే సన్నని గాళ్లలో తెల్లగా బూజు ఉండేది. రేపు వినబోయే ముందు దాన్ని శుభ్రం చేయాలనుకుంది. శుభ్రం చేయడమంటే ఆమెకు ఒక్కటే పద్ధతి. నడుమ నుంచి మొదలుపెట్టాలి, చుట్లు చుట్లుగా బయటికి పోవాలి, తుడిచిన చోటికి దూది మళ్లీ రావద్దు. సర్వీసంతా అట్లానే చేసింది, కొత్తగా వచ్చిన నర్సు పిల్లలకు అదే నేర్పింది. నడుమ నుంచి మొదలుపెట్టి సగానికి పైగా వచ్చింది. గిన్నెలో దూది ఉండలన్నీ నల్లగా ఉన్నాయి.

"మురికి పోతనే ఉన్నది. ఇంత మురికి ఉంటదా?" అన్నది.

నేను ఒక ఉండ తీసి వాసన చూశాను. వారం రోజులుగా మా గదిలో ఉన్న వాసనే. లక్క వాసన. ఆ ప్లేట్లు కూడా లక్కతో పోసినవేనని నాకు అప్పుడు తట్టింది. పెట్టెకు మెరుపు తెచ్చిన స్పిరిటే ప్లేటును కరిగించింది. నడుమ నుంచి సగం దాటేదాకా గాళ్లు చెరిగి, బూడిదరంగు తిరిగింది. బయటి అంచు మాత్రం నల్లగా, గాళ్లు గాళ్లుగా ఉంది.

"అది మురికి కాదు" అన్నాను.

"మరేంది?"

"ప్లేటే."

ఆమె గిన్నెలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆ ఉండలను మళ్లీ ప్లేటులో పెట్టే మార్గమేదైనా ఉందా అని వెతుకుతున్నట్టు అనిపించింది నాకు. తర్వాత లేచి పోయి చేతులు కడుక్కుంది. సబ్బుతో, మోచేతుల దాకా, వార్డులోకి పోయే ముందు కడుక్కున్నట్టు. నల్లా కట్టిన తర్వాత కూడా అక్కడే నిలబడింది.

గ్రామఫోన్ సూది బయటి అంచు నుంచి లోపలికి పోతుంది. అందుకే పాట మొదలు అంచున ఉంటుంది, ఆఖరు నడుమ ఉంటుంది. ఇది ఆమెకు చెప్పవలసిన అవసరం రాలేదు. ఆ సాయంత్రం అన్నం తింటూ తానే అడిగింది: "ఆఖరు చరణం నడుమనే ఉంటది గద?" ఉంటుందన్నాను.

ఆదివారం గుడికి పోయి వచ్చాం. తలకు నూనె పెట్టుకోలేదు. కానీ కుర్చీ వేసుకొని కూర్చుంది. వినకుండా ఉందామా అని అడిగాను. "పెట్టుండ్రి" అన్నది. కొత్త సూది బిగించాను. చావి తిప్పాను.

మొదట గరగర, దాని లోపల నుంచి అమ్మాయిలు. స్పష్టంగా, పక్కగదిలో పాడుతున్నట్టు వచ్చారు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. తర్వాత హార్మోనియం ఒక్కటే. అది చరణానికి దారి ఇస్తున్నట్టు పైకి పోయి, ఆగి, మెట్టు దిగింది. అక్కడ సూది చెరిగిన చోటికి చేరింది. ఇసుక మీద బండను ఈడుస్తున్న చప్పుడు. దాని కింద ఏదో ఉందా అని నేను చెవి పెట్టాను. ఏమీ లేదు. నా భార్య చేతులు ఒడిలో పెట్టుకొని, ఆ చప్పుడు మొత్తం, సూది నడుమ కాగితం దాకా పోయి ఆగేదాకా విన్నది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

తర్వాత రెండు నెలలు నేను ఇంకో ప్లేటు కోసం తిరిగాను. మిషన్ ఆఫీసులకు ఉత్తరాలు రాశాను. పాత ప్లేట్లు దాచేవాళ్లను హైదరాబాదులో అడిగించాను. అట్లాంటి చిన్న కంపెనీల ప్లేట్లను ఆ రోజుల్లోనే వెనక్కి కొని, కరిగించి, కొత్తవి పోసేవారని ఒకాయన చెప్పాడు. ఆ మాట నా భార్యకు చెప్పలేదు. దొరకలేదని మాత్రం చెప్పాను.

ఆమె ఈలోపు మిగిలిన ముక్కనే వింటూ ఉంది. పది పన్నెండు మంది అమ్మాయిల గొంతులు కలిసినచోట ఒక సన్నని గొంతు తనకు విడిగా వినపడుతోందన్నది. పల్లవి చివర కొంచెం ఆలస్యంగా ఆగే గొంతు. నాకు వినపడలేదు. నా చెవులు మునుపటివి కావు. "అది మా అవ్వదే అనిపిస్తున్నది. చిన్నవ్వ ఇంటె చెప్తది" అన్నది. చిన్నవ్వ కూడా ఆ గుంపులో పాడిన మనిషే. అందరికంటే చిన్నది, వెనుక వరుస. మిగిలినవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. పాటను ఫోన్‌లో రికార్డు చేసుకొని ఇచ్చోడ పోయాం.

కొత్త స్లాబు కింద మంచం మీద చిన్నవ్వ చిక్కుడుకాయలు గిల్లుతోంది. నా భార్య పాట పెట్టి ఫోన్ ఆమె చెవికి ఆనించింది.

"ఎవలు? హలో" అన్నది చిన్నవ్వ.

"హలో కాదు చిన్నవ్వా, పాట. ఇను."

విన్నది. చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. "గిది మేమే" అన్నది. "ఓ అల్లుడా, గిది మేమే. గీ పాటకు మాకు హైదరాబాదుల ఇరానీ చాయ్ తాగిపిచ్చిండ్లు. నాకు నోరు కాలింది."

నా భార్య మళ్లీ మొదటి నుంచి పెట్టింది. "గిప్పుడు ఇను. పల్లవి ఆఖరుకు ఒక సన్నగొంతు వస్తది. అగో. గది మా అవ్వదేనా?"

చిన్నవ్వ కళ్లు మూసుకొని విన్నది. నా భార్య ఆమె ముఖాన్నే చూస్తోంది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఔనని ఒక్క మాట అంటే చాలని నాకున్నది.

"తెల్వది బిడ్డా."

"ఇంకోసారి ఇను."

"ఎన్నిసార్లు ఇన్నా గంతే. మాకు గట్లనే నేర్పిచ్చిండ్లు. టీచరమ్మ కండ్లు మూసుకొని నిలవడేది. ఒక్కరి గొంతు ఏర్పడ్డదంటె చాలు, చప్పట్లు కొట్టి ఆపేది. మళ్ల మొదటి నుంచి పాడాలె. ఎవల గొంతు ఎవలదో తెల్వకుంట పాడాలె దేవునికి, అనేది. అండ్ల నా గొంతే నాకు తెల్వది. మీ అవ్వది నేనెట్ల చెప్పాలె?"

పాట నడుస్తూనే ఉంది. హార్మోనియం వచ్చింది. చిన్నవ్వ ముఖం ఒక్కసారిగా తేటపడింది. వేలు పైకెత్తింది.

"ఆగు ఆగు. గిప్పుడొస్తది ఆఖరు చరణం. గిది మీ అవ్వ ఒక్కతే. గిప్పుడు ఇను."

వేలు అట్లానే ఉంది. ఆ చప్పుడు మొదలైంది. చిన్నవ్వ కాసేపు ఎదురుచూసింది. తర్వాత ఫోన్‌ను చెవి నుంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఫోను ఖరాబైందా అల్లుడా?"

నేను ఏదో చెప్పబోయాను. నా భార్య నాకంటే ముందే అన్నది.

"ఫోను కాదు చిన్నవ్వా. ప్లేటే ఖరాబైంది. నేనే ఖరాబు చేసిన. స్పిరిట్‌తోని తుడిచిన."

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. మా పిల్లలకు కూడా అప్పటికి చెప్పలేదు. చిన్నవ్వ చిక్కుడుకాయల చేటను పక్కకు జరిపి, ఆమె చేయి పట్టుకొని మంచం మీద కూర్చోబెట్టుకుంది. పసిపిల్లను పట్టుకున్నట్టే పట్టుకుంది. నా భార్య తల నెరిసిన మనిషి. ఆ పొద్దు అట్లా లేదు.

చిన్నవ్వ భుజానికి ఆనుకొనే అడిగింది: "ఎట్ల పాడేది?"

"ఎట్లనంటె ఏం చెప్పాలె బిడ్డా. మంచిగ పాడేది."

"గొంతు లావా, సన్నమా?"

"సన్నమే. మరీ సన్నం గాదు." చిన్నవ్వ ఆలోచించింది. ఎంత వెతికినా ఇంకో మాట దొరకలేదు. "మంచిగుండె" అని మళ్లీ అన్నది.

"చరణం యాదికున్నదా? నువ్వు పాడు."

"నాది బండ గొంతు. గందుకే నన్ను ఎనుక నిలవెట్టిండ్లు." అయినా ఆమె మొత్తం చెప్పింది. పాడలేదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది. ఒకచోట మరిచిపోయి మొదటి నుంచి అందుకుంది. నా భార్య పెదవులు ఆమె వెంటే కదిలాయి.

"మా అవ్వ గిదే పాడిందా?"

"మాటలు గివే బిడ్డా" అన్నది చిన్నవ్వ. "పాట గిది గాదు."

వచ్చేటప్పుడు చిన్నవ్వ మాకు చిక్కుడుకాయలు కట్టిచ్చింది. బస్సు నిర్మల్ దాటిన తర్వాత నా భార్య ఒక్కటే అన్నది. తనకు వినపడే ఆ సన్నగొంతు తల్లిదేనని ఇక అనుకోదట. వేరే ఎవరిదో అయితే వాళ్ల బిడ్డలకు అన్యాయమట.

పెట్టె మా ముందుగదిలోనే ఉంది. మూతలో ముఖం కనిపిస్తుంది. వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. అప్పుడప్పుడు ఆదివారం గుడి నుంచి వచ్చాక నా భార్య చావి తిప్పుతుంది. ఇప్పుడు సూది బిగించడం కూడా ఆమెకు వచ్చు. కుర్చీ వేసుకోదు. పెట్టె పక్కనే నిలబడి, సూదిని మోసే గొట్టం దగ్గర తన చేయి ఉంచుకుంటుంది. అమ్మాయిలు పాడతారు. హార్మోనియం పైకి పోయి, ఆగి, మెట్టు దిగుతుంది. అక్కడ ఆమె సూదిని పైకి లేపుతుంది.

లేపడం ఆలస్యమైన రోజులు ఉంటాయి. ఆ రోజు వంటింట్లో ఉన్న నాకు ఆ చప్పుడు వినపడుతుంది. మొదట్లో నేను పరుగెత్తుకొచ్చేవాణ్ణి. ఇప్పుడు రావడం లేదు. అది ఆలస్యం కాదని, ఆగి వింటున్నదని అర్థమైంది.